పదిమందిని అడిగితే న్యాయం తేలుతుందా? సర్వే ప్రయోగాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

చట్ట తత్వశాస్త్రం, రాజకీయ తత్వశాస్త్రం చదివేవాళ్లూ, వేరే సామాజిక శాస్త్రాల నుంచి ఇటు తొంగిచూసేవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కలు చాలు. కొన్నిటికి ఎంత రాసినా ఇంకా మిగిలే ఉంటుంది.

సర్వే ప్రయోగం అంటే మామూలు సర్వేనేనా?

సగం వరకు అంతే. మామూలు సర్వేలో అందరికీ ఒకే ప్రశ్న వేసి, ఎంతమంది అవునన్నారో లెక్కపెడతాం. సర్వే ప్రయోగంలో వచ్చినవాళ్లను చీటీలు తీసినట్టు గ్రూపులుగా విడగొట్టి, ఒక్కో గ్రూపుకి కాస్త మార్చిన ప్రశ్నో, కాస్త మార్చిన కథో ఇస్తాం. మార్చింది ఒక్క ముక్కే కాబట్టి, గ్రూపుల మధ్య తేడా వస్తే అది ఆ ముక్క వల్లే వచ్చిందని చెప్పే వీలుంటుంది.

పాత ఉదాహరణ ఒకటి చెప్తాను. 1941లో డొనాల్డ్ రగ్ ఒకే ప్రశ్నను అమెరికాలో రెండు రకాలుగా అడిగినప్పుడు వచ్చిన ఫలితాలు ప్రచురించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలు చేయడాన్ని అనుమతించాలా అని కొందరిని, నిషేధించాలా అని మరికొందరిని అడిగారు. అనుమతించకూడదన్నవాళ్లు 62 శాతం. నిషేధించాలన్నవాళ్లు 46 శాతం. తర్కం ప్రకారం చూస్తే రెండూ ఒకటే. వాక్ స్వాతంత్ర్యానికి ఇంత శాతం మద్దతుందని ఎవరైనా ఒకే అంకె చెప్పినప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలూ గుర్తొస్తాయి.

తత్వశాస్త్రానికి జనాభిప్రాయంతో ఏం పని? ఓట్లు లెక్కపెట్టి న్యాయం తేలుస్తారా?

తేల్చరు. అలా తేల్చామని ఎవరైనా చెప్తే నమ్మకండి.

అసలు పని వేరే చోట ఉంది. తత్వవేత్తల వ్యాసాలు తీసి చూడండి. "ఇలాంటి సందర్భంలో ఎవరైనా ఇతను బాధ్యుడనే అంటారు", "మామూలు మాటల్లో చట్టం అంటే మనం ఉద్దేశించేది ఇదే", "ఆలోచించే మనిషి ఎవడూ దీన్ని ఒప్పుకోడు" లాంటి వాక్యాలు అడుగడుగునా కనిపిస్తాయి. ఇవి జనం గురించి చేసిన ప్రకటనలు. నిజమో కాదో కనుక్కోవచ్చు, కానీ సాధారణంగా ఎవరూ కనుక్కోరు. రాసినాయన తననీ, పక్క గదిలో ఉన్న ఇద్దరు సహోద్యోగులనీ అడిగి ముందుకెళ్లిపోతాడు. సర్వే ప్రయోగం చేసేది ఆ వాక్యాన్ని పట్టుకుని నిలదీయడమే.

అందుకే ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేదొకటే. ప్రశ్నాపత్రం తర్వాత రాయండి. ముందు మీరు చదువుతున్న వాదంలో "ఎవరైనా అంటారు" అనే వాక్యం ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయండి. అలాంటి వాక్యం లేకపోతే, ఆ వాదానికి సర్వేతో పనిలేదు.

దీనికి మొదలెక్కడ?

సర్వేల్లో ప్రశ్నను రెండు రకాలుగా అడగడం 1940ల నాటికే ఉంది. తత్వశాస్త్రంలోకి వచ్చింది 2000 తర్వాత. అందరూ చెప్పుకునేది అమెరికా తత్వవేత్త జాషువా నోబ్ 2003లో ప్రచురించిన చిన్న వ్యాసం. న్యూయార్క్ మన్‌హాటన్‌లో ఒక పార్కులో కూర్చున్న 78 మందికి ఒక కథ ఇచ్చాడు. కంపెనీ ఛైర్మన్ దగ్గరికి ఉపాధ్యక్షుడు వచ్చి, కొత్త పథకం మొదలెడితే లాభాలొస్తాయి, కానీ పర్యావరణానికి హాని జరుగుతుంది అంటాడు. పర్యావరణం సంగతి నాకు అనవసరం, లాభం వస్తే చాలు, మొదలెట్టండి అంటాడు ఛైర్మన్. హాని జరుగుతుంది. సగం మందికి ఈ కథ. మిగతా సగానికి ఇదే కథ, "హాని" ఉన్న చోట "మేలు" పెట్టి.

హాని కథ చదివినవాళ్లలో 82 శాతం ఛైర్మన్ ఉద్దేశపూర్వకంగానే హాని చేశాడన్నారు. మేలు కథ చదివినవాళ్లలో 77 శాతం, ఉద్దేశపూర్వకంగా మేలు చేయలేదన్నారు. ఛైర్మన్ మనసులో ఉన్నది రెండు చోట్లా ఒకటే. ముందు ఉద్దేశం ఉందో లేదో తేల్చుకుని, ఆ తర్వాతే తప్పొప్పులు ఎంచుతామని చట్టం అనుకుంటుంది. ఈ కథల్లో మాత్రం తప్పొప్పుల లెక్క వెనక్కి తిరిగొచ్చి ఉద్దేశం మీద పడింది. నేరంలో ఉద్దేశాన్ని తేల్చాల్సిన జ్యూరీల సంగతి అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది.

చట్ట తత్వశాస్త్రంలో చెప్పుకోదగ్గవి ఏమున్నాయి?

మూడు చెప్తాను, మూడూ నాకు ఇష్టమైనవే.

మొదటిది పార్కులో వాహనాల గొడవ. పార్కులోకి వాహనాలు రాకూడదని నియమం ఉంటే సైకిల్ రావచ్చా అని 1958లో బ్రిటిష్ చట్ట తత్వవేత్త హెచ్.ఎల్.ఏ. హార్ట్ వేసిన ఉదాహరణ. అమెరికా చట్ట తత్వవేత్త లాన్ ఫుల్లర్ దానికి ఎదురు చెప్పాడు. అప్పట్నుంచి చట్టం చదివే ప్రతి విద్యార్థి దీన్ని మోస్తూనే ఉన్నాడు. మాటకి మామూలు అర్థమే చూస్తామనే న్యాయమూర్తులు ఆ అర్థం కోసం నిఘంటువు తిరగేస్తారు, లేదా లక్షల వాక్యాల భాషా డేటాబేస్‌లో వెతుకుతారు. కెవిన్ టోబియా 2020లో ఈ పద్ధతినే పరీక్షించాడు. విమానం, సైకిల్, పడవ లాంటివి వాహనాలా కాదా అని మామూలు జనాన్నీ, న్యాయ విద్యార్థులనీ, న్యాయమూర్తులనీ అడిగాడు. నిఘంటువు నిర్వచనం చేతికిచ్చినప్పుడు వాళ్లు మరీ ఎక్కువ వస్తువులను వాహనాలన్నారు. వాడుక డేటా ఇచ్చినప్పుడు మరీ తక్కువ, కారు లాంటివాటినే. ఏమీ ఇవ్వకుండా అడిగినప్పుడు వచ్చిన జవాబులు ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి. జనం ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటారో చెప్పాల్సిన రెండు పనిముట్లూ రెండు వైపులకి లాగుతున్నాయన్నమాట. చట్టాన్ని మామూలు అర్థంలోనే చదవాలా అన్నది ఈ ప్రయోగం తేల్చదు. చదవాలి అనేవాళ్లకు మాత్రం చిక్కు తెచ్చిపెట్టింది.

రెండోది ఫుల్లర్ గురించి. చట్టం ముందుగా ప్రకటించినదై ఉండాలి, అర్థమయ్యేలా ఉండాలి, జరిగిపోయిన పనులకు వెనక్కి వర్తించకూడదు వగైరా ఎనిమిది షరతులను 1964లో ఆయన పెట్టాడు. వాటిలో ఏ ఒక్కటి బొత్తిగా లేకపోయినా అది చట్టమే కాదన్నాడు. చట్టబద్ధతకీ నైతికతకీ విడదీయలేని ముడి ఏదీ లేదనే పక్షం ఇది ఒప్పుకోదు. ఐవార్ హన్నికైనెన్, ఆయన బృందం 11 దేశాల్లో 3,054 మందిని ఈ సంగతే అడిగారు. కొందరిని "ఇలాంటి షరతులు తప్పిన చట్టాలు ఉండగలవా?" అని, కొందరిని "అలాంటి చట్టాలు ఉన్నాయా?" అని. ఉండలేవని మొదటి గ్రూపు. ఉన్నాయని రెండో గ్రూపు! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. కాసేపాగితే అందులో అర్థం కనిపిస్తుంది. "వాడేం స్నేహితుడు!" అని మనం అనేది స్నేహితుడి గురించే కదా. చట్టం అన్న మాటకి కూడా అలాంటి రెండు పొరలు ఉండొచ్చు: పేరుకి చట్టం, నిజంగా చట్టం అనదగ్గది.

మూడోది సమ్మతి. మోసపోయి ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదనే వాదం తత్వశాస్త్రంలోనూ, చట్టంలో చాలా చోట్లా కనిపిస్తుంది. రోజానా సొమర్స్ 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో చాలామంది వేరేలా అన్నారు. మోసం చేయడం తప్పే, అయినా ఆ మనిషి సమ్మతించినట్టే లెక్క అన్నారు. బెదిరిస్తే మాత్రం అది సమ్మతి కాదన్నారు. మోసం, బెదిరింపు ఒకే గాటన కట్టాల్సినవి అనుకున్నవాళ్లకి ఇది మింగుడుపడదు.

రాజకీయ తత్వశాస్త్రంలోనో?

అమెరికా రాజకీయ తత్వవేత్త జాన్ రాల్స్ 1971 నాటి వాదం ఇందుకు తయారుగా ఉన్న సరుకు. సమాజంలో తన స్థానం ఏమిటో తెలియని తెర వెనక నిలబడి ఎంచుకుంటే, అందరికన్నా కింద ఉన్నవాళ్ల పరిస్థితి వీలైనంత మెరుగ్గా ఉండే ఏర్పాటునే ఎంచుకుంటారన్నాడు. 1980లలో నార్మన్ ఫ్రోలిక్, జో ఓపెన్‌హైమర్ విద్యార్థులను చిన్న గ్రూపులుగా కూర్చోబెట్టి, చర్చించుకుని ఒక సూత్రం మీద ఏకాభిప్రాయానికి రమ్మన్నారు. ఇది సర్వే కాదు, ల్యాబ్ ప్రయోగం, కానీ దీని తమ్ముడే. గ్రూపులు రాల్స్ సూత్రాన్ని దాదాపుగా పట్టించుకోలేదు. ఎవరి ఆదాయమూ ఒక స్థాయి కన్నా పడిపోకుండా చూసి, ఆపైన సగటు ఆదాయం పెంచే ఏర్పాటును ఎక్కువ గ్రూపులు ఎంచుకున్నాయి.

దీంతో రాల్స్ ఓడిపోయాడా? లేదు. ఆయన తెర వెనకవాళ్లు ఊహలో మనుషులు, సాయంత్రం క్లాసుకి వెళ్లాల్సిన విద్యార్థులు కాదు. కానీ ఆ ఎంపిక మామూలు మనుషుల నిలకడైన ఆలోచనతో కలిసి రావాలని కూడా ఆయనే కోరుకున్నాడు. ఆ మేరకు ఈ ఫలితం ఆయనకి తగులుతుంది.

ఇంకొకటి అర్హత గురించి. క్రిస్టఫర్ ఫ్రైమన్, షాన్ నికల్స్ 2011లో చూపించింది ఇది. పుట్టుకతో వచ్చిన ప్రతిభ వల్ల కొందరు ఎక్కువ సంపాదించడం న్యాయమా అని ఎవరి పేరూ లేకుండా అడిగితే జనం వెనకాడతారు. ఫలానా గాయని, ఫలానా గొంతు అని ఒక మనిషిని చూపించి అడిగితే ఆమెకి ఆ డబ్బు దక్కాల్సిందే అనే వైపు జరుగుతారు. సమానత్వం మీద వాదించుకునే రెండు పక్షాలూ ఒకే మనిషి తలలో ఉన్నాయేమో అనిపిస్తుంది.

2012లో డాన్ కహాన్ బృందం చేసిన పని కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే నిరసన వీడియో. గర్భస్రావాలు చేసే క్లినిక్ ముందు జరిగిందని కొందరికి చెప్పారు, సైన్యంలో చేర్చుకునే కేంద్రం ముందు జరిగిందని మిగతావాళ్లకి. నిరసనకారులు జనాన్ని అడ్డుకున్నారా, నెట్టారా అన్న విషయంలో చూసినవాళ్ల విలువలను బట్టి జవాబులు మారాయి. వీళ్లను అడిగింది అభిప్రాయం కాదు, కళ్లతో ఏం చూశారని.

జనం ఏమనుకుంటారో తెలిసినంత మాత్రాన, ఏది సరైనదో ఎలా తెలుస్తుంది?

నేరుగా తెలియదు. "ఉంది" నుంచి "ఉండాలి" రాదని 18వ శతాబ్దపు తత్వవేత్త హ్యూమ్ కాలం నుంచీ అంటున్నదే. ప్రయోగం చేసే పని చుట్టుదారి. వాదంలో జనం మీద ఆనిన మెట్టు ఒకటి ఉంటే ఆ మెట్టు గట్టిదో కాదో చూస్తుంది. మన సహజ తీర్పు ప్రశ్నల వరుస లాంటి సంబంధం లేని విషయానికి ఊగుతోందని చూపిస్తే, ఆ తీర్పు మీద కట్టిన వాదానికి నమ్మకం తగ్గుతుంది.

జనానికేం తెలుసు? తత్వవేత్తలనే అడిగితే సరిపోదా?

అడిగారు. ఎరిక్ ష్విట్జ్‌గెబెల్, ఫైరీ కుష్మన్ 2012లో ప్రచురించిన పనిలో, నైతిక చిక్కుముడులు ఏ వరుసలో ఇచ్చారన్నదాన్ని బట్టి తత్వశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాళ్ల జవాబులు కూడా మారాయి. మిగతావాళ్లకన్నా వాళ్లేమీ గట్టిగా నిలబడలేదు.

కథ రాయడంలో ఎక్కడ దెబ్బతింటాం?

దాదాపు అన్ని చోట్లా. ఈ పనిలో లెక్కల కన్నా రాత కష్టం.

నేను మొదట్లో రాసిన జంట కథల్లో ఒకదాంట్లో అధికారి అబద్ధం చెప్పి సంతకం తీసుకుంటాడు, రెండోదాంట్లో బెదిరించి తీసుకుంటాడు. బాగానే ఉందనుకున్నాను. ముందుగా చదవమని ఇచ్చిన స్నేహితురాలు రెండు నిమిషాల్లో పట్టేసింది. బెదిరింపు కథలో తలుపు మూసి ఉంది, రాత్రి పది దాటింది. అబద్ధం కథలో ఇవేవీ లేవు. రాస్తూ రాస్తూ నేనే మసాలా చల్లేశాను. జవాబుల్లో తేడా వచ్చుంటే అది బెదిరింపు వల్లో, మూసిన తలుపు వల్లో దేవుడికే తెలియాలి.

అందుకే రెండు కథలనూ పక్కపక్కన పెట్టి ఒక్కో వాక్యం పోల్చండి. పొడవు ఒకటిగా ఉందా, మనిషి వయసు, ఉద్యోగం కలిశాయా, ఒకదాంట్లోనే చెడ్డ విశేషణం దూరిందా. ఇంకో జాగ్రత్త, ఒకే కథతో ఆగిపోకండి. ఆసుపత్రి కథలో కనిపించిన తేడా అద్దె ఒప్పందం కథలో కనిపించకపోవచ్చు. అప్పుడు మీరు కనిపెట్టింది సమ్మతి గురించి కాదు, ఆసుపత్రుల గురించి. నాలుగైదు వేర్వేరు సందర్భాలు పెడితే ఈ బెడద తగ్గుతుంది.

చదివారో లేదో చూసే ప్రశ్న ఒకటి పెట్టండి, చాలు. ఐదారు పెడితే మంచివాళ్లకి కూడా చిరాకొస్తుంది.

ఒకే మనిషికి రెండు కథలూ ఇవ్వాలా, చెరొకటీ ఇవ్వాలా?

మీరు అడిగే తత్వ ప్రశ్నను బట్టి ఉంటుంది. నైతిక అదృష్టం, అంటే మన చేతిలో లేని ఫలితాన్ని బట్టి తప్పు పెరగడం, తగ్గడం సంగతి తీసుకోండి. ఇద్దరు డ్రైవర్లు ఒకేలా నిర్లక్ష్యంగా నడిపారు, ఒకడికి ఎవరూ అడ్డం రాలేదు, ఇంకొకడి బండి కింద ఒకరు పడ్డారు. రెండోవాడిది పెద్ద తప్పా? చెరో కథా వేర్వేరు మనుషులకిస్తే రెండోవాడిని ఎక్కువ తప్పుబడతారు. మార్కస్ క్నీర్, ఎడ్వర్డ్ మషరీ 2019లో ఒకే మనిషి ముందు రెండు కథలూ పెట్టి చూశారు. అప్పుడు ఎక్కువమంది ఇద్దరిదీ ఒకే తప్పు అన్నారు. ఫలితాన్ని బట్టి తప్పు పెరగాలన్న సూత్రం జనానికి ఉందా అంటే, పక్కపక్కన చూస్తే లేదన్నట్టే ఉంది. కానీ కోర్టులో జ్యూరీకి ఒక్క డ్రైవరే కనిపిస్తాడు. జనం ఆలోచించి ఒప్పుకునే సూత్రం కావాలంటే రెండూ ఇవ్వండి, జరగబోయే తీర్పు ఎలా ఉంటుందో కావాలంటే చెరొకటీ ఇవ్వండి.

ఎంతమంది కావాలి?

మీరనుకున్నదానికన్నా ఎక్కువ. ఒక గ్రూపులో 50 శాతం, ఇంకో గ్రూపులో 70 శాతం అవునంటారని అనుకుంటే, మామూలుగా వాడే కొలమానాలతో గ్రూపుకి 95 మంది దాకా చాలు. ఆ తేడా 50కీ 60కీ మధ్యే అయితే గ్రూపుకి దాదాపు 390. "ఈ తేడా, అనుభవం ఉన్నవాళ్లలో తక్కువగా ఉందా?" లాంటి తేడాల మధ్య తేడా వెతికితే, అంతే పరిమాణానికి మొత్తం మంది నాలుగు రెట్లు కావాలి. ఈ లెక్క డేటా సేకరించకముందే వేసుకోవాలి.

ముందస్తు నమోదు అంటున్నారు, తప్పదా?

ఏం పోలుస్తారో, ఎవరి జవాబులు తీసేస్తారో డేటా రాకముందే రాసి, తేదీతో ఒకచోట పెట్టడం. చేయండి. అసలు తేడాయే లేని చోట, ఒక్కో పోలికలో పొరపడే అవకాశం 5 శాతమే అయినా, ఇరవై పోలికలు చేస్తే, ఏదో ఒకటి "తేలింది" అనిపించే అవకాశం 64 శాతం ఉంది.

తెలుగులో చేయొచ్చా? ఇంగ్లీషు కథల్ని అనువదిస్తే సరిపోతుందా?

చేయొచ్చు, చేయాలి కూడా. అనువదిస్తే మాత్రం సరిపోదు.

నోబ్ ఛైర్మన్ కథనే తీసుకోండి. ప్రశ్న తెలుగులో ఎలా అడుగుతారు? "కావాలని చేశాడా?" అంటే నోటికి సహజంగా ఉంది. కానీ కావాలని అనే మాటను మనం ఎక్కువగా చెడ్డ పనులకే వాడతాం. "కావాలని తోశాడు" అంటాం, "కావాలని సాయం చేశాడు" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. మేలు కథ చదివినవాళ్లు కాదన్నారంటే అది ఛైర్మన్ మనసు చూసి కాదు, మాట అతకక కావచ్చు. పోనీ "ఉద్దేశపూర్వకంగా" అందామా? అది పేపర్లో నేరవార్త వాసనేస్తుంది. "తెలిసే చేశాడా?" అంటే తెలియడం వేరు, ఉద్దేశం వేరు. నేనైతే మూడు మాటలనూ మూడు గ్రూపులకి ఇస్తాను. అప్పుడు భాష చేసిన పనెంతో, మనిషి మనసు చేసిన పనెంతో విడిగా కనిపిస్తాయి.

"తప్పు" ఇంకా చిక్కు. లెక్క తప్పైనా తప్పే, మనిషిని కొట్టినా తప్పే. తప్పా కాదా అని ఏడు మెట్ల కొలబద్ద ఇస్తే ఒక్కొక్కరు ఒక్కో తప్పును కొలుస్తారు. ఒప్పుకోవడం కూడా అంతే. పెళ్లికి ఒప్పుకుంటాం, నేరం ఒప్పుకుంటాం, ఎదుటివాడి వాదనా ఒప్పుకుంటాం. సమ్మతి ప్రయోగంలో "ఆమె ఒప్పుకుందా?" అని అడిగితే నోటితో సరే అన్నదా లేదా అన్నదానికే జవాబొస్తుంది. "ఇష్టపూర్వకంగా ఒప్పుకుందా?" అంటే జవాబు ప్రశ్నలోనే పెట్టినట్టు.

వీటన్నిటికన్నా జారిపోయేది క్రియ చివర. చేశాడు, చేసింది, చేశారు. తెలుగు కథలో మనిషి ఆడో మగో, గౌరవం ఇస్తున్నామో లేదో చెప్పకుండా వాక్యం పూర్తి చేయడం కష్టం. ఛైర్మన్ "అన్నాడు" అని రాస్తే చదివేవాడు అప్పటికే అతన్ని ఒక మెట్టు దించేశాడు, "అన్నారు" అంటే ఎక్కించేశాడు. ఇంగ్లీషు కథలో లేని తీర్పు ఇక్కడ వ్యాకరణమే ఇచ్చేస్తోంది. రెండు కథల్లోనూ ఒకటే రూపం ఉండాలన్నది కనీస జాగ్రత్త. నిజానికి నాకు దీన్ని ఒక జాగ్రత్తగా మాత్రమే వదిలేయాలని లేదు. డు, రు అక్షరాలు మార్చి, బాధ్యత ఎంత మారుతుందో చూస్తే అదే ఒక మంచి ప్రయోగం. ఇంగ్లీషులో దాన్ని ఇలా చేయలేరు.

సర్వేలో చెప్పేదొకటి, నిజంగా చేసేదొకటి కదా?

నిజమే, కొన్నిసార్లు ఆ దూరమే అసలు విషయం. సొమర్స్, వెనెస్సా బోన్స్ 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ల్యాబ్‌కి వచ్చినవాళ్లను ఫోన్ అన్‌లాక్ చేసి పరిశోధకురాలి చేతికిమ్మని అడిగారు. 97 శాతం ఇచ్చేశారు. ఇలా అడిగితే వివేకం ఉన్న మనిషి ఇస్తాడా అని వేరేవాళ్లను ఊహించమంటే, ఇస్తాడన్నవాళ్లు చాలా కొద్దిమంది. పోలీసుల సోదాకి మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకున్నాడా లేదా అని కోర్టులో తీర్పు చెప్పేవాళ్లు ఎప్పుడూ రెండో గ్రూపులోనే ఉంటారు.

ఈ ఫలితాలు మళ్లీ చేస్తే వస్తాయా?

పర్వాలేదు. ప్రయోగాత్మక తత్వశాస్త్రం, అంటే ఇలాంటి ప్రయోగాలు చేసే శాఖలోని 40 అధ్యయనాలను ఫ్లోరియన్ కోవా నాయకత్వంలో ఒక పెద్ద బృందం మళ్లీ చేసి చూస్తే దాదాపు 70 శాతం నిలిచాయి. 2015లో మనస్తత్వశాస్త్రంలో వంద అధ్యయనాలకు ఇలాగే చేస్తే గణాంకపరంగా నిలిచింది 36 శాతమే. కథలు చిన్నవి, ఖర్చు తక్కువ, మళ్లీ చేయడం సులువు కావడం కూడా ఒక కారణం కావచ్చు. అలాగని, ఒకే దేశపు విద్యార్థుల మీద చేసినదాన్ని "మనుషులంతా ఇంతే" అని రాయడం ఆగలేదు.

మనుషులకు బదులు చాట్‌బాట్‌ని అడిగితే?

కథలో గందరగోళం ఎక్కడుందో వెతకడానికి వాడుకోండి. జనం ఏమనుకుంటారన్నది దాన్ని అడిగితే, జనం గురించి ఇదివరకే రాసిపెట్టినదాన్ని తిరిగి చదువుకున్నట్టే.

ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా?

విశ్వవిద్యాలయంలో ఉంటే తీసుకోండి, చిన్న సర్వే అయినా సరే. అత్యాచారం, హింసల్లాంటి కథలుంటే మొదటి పేజీలోనే చెప్పండి, మధ్యలో వెళ్లిపోయే వీలివ్వండి.

ఏ తేడా రాకపోతే?

ముందు మీరు మార్చిన ముక్కను చదివినవాళ్లు గమనించారో లేదో చూడండి. గమనించి ఉండి, తగినంతమంది ఉండి, అయినా తేడా లేకపోతే, గీత గీసిన ఆ వాక్యం దగ్గరికి తిరిగి వెళ్లండి. "ఇది మారితే ఎవరైనా తీర్పు మార్చుకుంటారు" అని రాసింది తత్వవేత్త. మార్చుకోలేదని మీ దగ్గర డేటా ఉంది. ఆ వ్యాసం రాయండి.